త్రాసుగారి నాలుక

పెరట్లో పీట వేసుకుని కోడలు టూత్‌బ్రష్షుతో వేర్లు తోముతోంది. కొండచేదు వేర్లవి. చిటికెన వేలంతవి కొన్ని, బొటనవేలంతవి కొన్ని. ఒళ్ళంతా ముడతలు, ప్రతి ముడతలోనూ మట్టి. నీళ్ళలో నానబెడితే వేరులోని సత్తువంతా నీళ్ళపాలవుతుంది. గట్టిగా రుద్దితే పైతోలు ఊడి చేతికొస్తుంది. అందుకే ఆ ఇంట్లో పాత టూత్‌బ్రష్షులు పారేయరు. ఒక్కోసారి పాతబడేదాకా కూడా ఆగరు. ఆ ఉదయం కోడలి చేతిలో ఉన్న నీలం బ్రష్షు నిన్న సాయంత్రం దాకా మామగారిది.

“నా బ్రష్షేదే?” అని స్నానాలగదిలోంచి కేక వినిపించింది.

“నోట్లో చూసుకున్నారా?” అన్నారు వంటింట్లోంచి అత్తగారు.

“నోట్లో ఉంటే ఎలా అరుస్తాను?”

“అదే నేనూ ఆలోచిస్తున్నా.”

కోడలు బ్రష్షుకేసి చూసింది, వేరుకేసి చూసింది, ఏమీ ఎరగనట్టు తోముతూనే ఉంది. ఆమె మాట తక్కువ మనిషి. ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళయింది. భర్త లారీలో వేర్ల లోడు వేసుకుని వెళితే వారం దాకా తిరిగి రాడు. అందువల్ల ఈ రెండేళ్ళలో ఆమె ఎక్కువగా చూసింది అత్తమామల్నే. చూడటంలో మాత్రం ఆమెకు ఓపిక ఎక్కువ. పగలంతా కొండచేదు రైతుల సంఘంవారి పరీక్షల గదిలో ఉద్యోగం. గోదాము వెనక రెండు గదులు, ఒక ఓవెను, బూడిద చేసే కరెంటు పొయ్యి ఒకటి, చిన్న గాజు పెట్టెలో ఒక త్రాసు. వేరులో తేమ ఎంత, కాలిస్తే మిగిలే బూడిద ఎంత, జల్లిస్తే రాలే మట్టి ఎంత అని కొలిచి రాయడం ఆమె పని.

కానీ ఆ ఊరి అసలు త్రాసు ఆ గాజు పెట్టెలో లేదు. స్నానాలగదిలో బ్రష్షు వెతుక్కుంటోంది.

మామగారిని బజారంతా త్రాసుగారు అంటుంది. వారానికి రెండు రోజులు వేర్ల బజారు. రైతులు కుప్పలు పోసుకుని నిలబడతారు. మామగారు ఒక్కో కుప్ప దగ్గర ఆగి, ఒక వేరు తీసి, టప్పుమని విరిచి, నోట్లో వేసుకుని, కళ్ళు అరమోడ్చి, “మొదటి రకం” అనో “రెండో రకం” అనో అంటారు. అంతే. కొనేవాడు మారు మాట్లాడడు, అమ్మేవాడు మారు మాట్లాడడు. కొండచేదు ఆకలి పుట్టించే మందు. వేరు ఎంత చేదైతే మందు అంత గట్టిది. ఆ చేదు ఎంతో చెప్పడానికి ముప్ఫై రెండేళ్ళుగా ఊరికంతటికీ ఆయన నాలుకే దిక్కు. ఆ నాలుకను మెచ్చుకుని సంఘంవాళ్ళు ఒకసారి గోడగడియారం కూడా బహూకరించారు.

బజారుకు ఆయన వెంట సంచీ పట్టుకుని అత్తగారు తప్పకుండా వెళతారు. విరిచిన వేరులో పెద్ద ముక్క ముందు ఆవిడ చేతిలో పెట్టి, చిన్నది తను నములుతారాయన. “ముందు నాకు పెట్టకుండా ఆయన ఒక్క ముక్క నోట్లో వేసుకోరు” అని అత్తగారు పక్కింటావిడతో చెప్పుకుంటారు, ఎదురింటావిడతో చెప్పుకుంటారు, వినేవాళ్ళు దొరకనప్పుడు కోడలితో చెప్పుకుంటారు. ఆ పెట్టేది కటిక చేదు వేరన్న సంగతి ఆవిడ ఎన్నడూ పట్టించుకోలేదు.

ఇలా సవ్యంగా సాగిపోతున్న బజారులో మూడు వారాల క్రితం ఒక వింత మొదలైంది. త్రాసుగారు ముట్టుకున్న ప్రతి కుప్పా మొదటి రకమే. ముదురు వేర్లు మొదటి రకం, లేత వేర్లు మొదటి రకం, వానకు తడిసి బూజు పట్టబోతున్నవి కూడా మొదటి రకం. రైతులు ఎగిరి గంతులేశారు. మందుల కంపెనీలు మాత్రం ఎగరలేదు. ‘మీ వేర్లు మరిగిస్తే చేదు కాదు కదా, వేడి నీళ్ళ రుచి కూడా రావడం లేదు’ అని ఉత్తరం రాశాయి. ఉత్తరం మీద ఉత్తరం వచ్చి పడ్డాక, మందు వేర్లకు ప్రమాణాలు నిర్ణయించే బోర్డు నుంచి ఒక పరిశీలకురాలు పెట్టె పట్టుకుని దిగారు. ఆవిడ నవ్వరు. కోపం వల్ల కాదు. నవ్వడానికి ఆవిడ దగ్గర ఫారం లేదు.

“ఇకమీదట మొదటి రకం, రెండో రకం అని నోటిమాటగా కుదరదండీ,” అని ఆవిడ సంఘం కార్యదర్శికి చెప్పారు. “మీ వేరుకు ఒక చేదు అంకె ఉండాలి. ఒక గ్రాము పొడిని ఎన్ని గ్రాముల నీళ్ళలో కలిపినా ఇంకా చేదు తెలుస్తుందో, ఆ అంకె.”

“దానికి మిషను తెచ్చారా మేడం?”

“దానికి మిషను మనిషి నాలుకే. ఐదు నాలుకలు కావాలి. సోమవారం నాలుకల్ని పరీక్షిస్తాం. శుక్రవారం పాసైన నాలుకలతో వేర్లను పరీక్షిస్తాం. ఆ మధ్యాహ్నం బస్సుకి నేను అంకె పట్టుకుని వెళ్ళిపోవాలి.”

“ఐదు దొరక్కపోతే?”

“అవతలి కొండవాళ్ళ అంకె పదిహేను వేలు. మీకూ అదే రాసేస్తాం.”

కార్యదర్శి లెక్క వేసుకున్నారు. ఇక్కడి వేరు ఎంత మేలైనదైనా పదివేలు దాటదు. పదిహేను వేలని పుస్తకంలోకి ఎక్కిందంటే, అంతకు తక్కువ చేదున్న వేరును ఏ కంపెనీ కొనదు; ఈ ఊరి కొండచేదంతా పొయ్యిలో పెట్టుకునే పుల్లల కింద లెక్క.

ఆదివారమంతా నాలుకల వేట సాగింది. పొగతాగేవాళ్ళవి పనికిరావన్నారు. జలుబున్నవి పనికిరావన్నారు. రోజంతా పిప్పరమెంట్లు చప్పరించే బ్యాంకు గుమస్తాది చూపించకముందే వద్దన్నారు. ఇరవై మూడు నోళ్ళు తెరిపిస్తే నలుగురు మిగిలారు: కార్యదర్శి, పోస్టుమాస్టరు, దర్జీ, బడి పంతులమ్మ. కప్పులు కలిపేది కోడలు కాబట్టి ఆమె తాగకూడదు. పరిశీలించేది పరిశీలకురాలు కాబట్టి ఆవిడా తాగకూడదు. ఐదో నాలుక గురించి ఎవరూ ఆలోచించలేదు. త్రాసుగారుండగా ఆలోచనేమిటి?

ఆ సోమవారం కోడలు తోమిన వేర్లు ఆ పరీక్ష కోసమే.

పరీక్షల గదిలో చెప్పుల దుకాణం నుంచి తెచ్చిన అట్టపెట్టెలు కోసి, బల్ల మీద ఐదు గూళ్ళు కట్టారు. ఒక్కొక్కరూ ఒక్కో గూట్లో తల పెట్టి కూర్చోవాలి.

“ఈ గూళ్ళెందుకండీ, గుర్రాల కళ్ళకు గంతలు కట్టినట్టు?” అని మామగారు అడిగారు.

“ఒకరి ముఖం ఒకరికి కనపడకూడదు. పక్కవాళ్ళ ముఖం కనిపిస్తే నాలుక తన పని మానేసి కళ్ళకు అప్పజెబుతుంది.”

“అలాంటివాళ్ళు కూడా ఉంటారా!” అని మామగారు బుగ్గలు నొక్కుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, “మా ఆవిడ పక్కనే కూర్చోవచ్చు కదండీ?” అన్నారు.

“ఆవిడెందుకు?”

“నా సంచీ ఆవిడ దగ్గరుంటుంది.”

“నాలుకతో పని గానీ సంచీతో లేదు.”

అత్తగారు సంచీతో సహా బయట బెంచీ మీద కూర్చున్నారు.

ఒక్కొక్కరికీ మూడు కప్పులు. ఒక దాంట్లో ఉత్త నీళ్ళు, ఒక దాంట్లో వేరు నీళ్ళ లేత చేదు, ఒక దాంట్లో నషాళానికంటే క్వినైన్ చేదు. కప్పుల మీద పేర్లుండవు. చేప, గొడుగు, తాళంచెవి బొమ్మలుంటాయి. ఏ బొమ్మలో ఏముందో కోడలికొక్కదానికే తెలుసు. వరస కూడా ఒక్కొక్కరికి ఒక్కోలా. గుక్క పట్టి, ముప్ఫై సెకన్లు పుక్కిలించి, గిన్నెలో ఉమ్మేసి, ఏమనిపించిందో కాగితం మీద రాయాలి. ఊళ్ళో పరువు ప్రతిష్ఠలున్న ఐదుగురు బుగ్గలు పూరించుకుని, అట్టపెట్టెల్లో తలలు దూర్చి, ఒకేసారి బుడబుడలాడించడం చూస్తే ఎవరికైనా పొట్ట చెక్కలవుతుంది. కోడలు స్టాప్‌వాచీ మీదనుంచి కళ్ళు తిప్పకుండా నిలబడింది.

దర్జీకి మొదటి కప్పే క్వినైన్ తగిలింది. “చచ్చాను బాబోయ్!” అని గూడు కూలేలా అరిచాడు. సరిగ్గా అప్పుడు పక్క గూట్లో మామగారు ఉత్త నీళ్ళు పుక్కిలిస్తున్నారు. ఉమ్మేసి, టకటకా రాసేశారు: ‘మహా చేదు.’ రెండో కప్పప్పుడు పంతులమ్మ “ఇవి హాయిగా ఉన్నాయి” అంది. మామగారి నోట్లో ఉన్నది క్వినైన్. ‘హాయిగా ఉంది’ అని రాశారు. మూడో కప్పప్పుడు గది నిశ్శబ్దంగా ఉంది. ఆయన చాలాసేపు ఆలకించి, ఇంకాసేపు ఆలకించి, ‘పర్లేదు’ అని రాశారు.

సాయంత్రం కోడలు కాగితాలు ముందు పెట్టుకుని బొమ్మల్ని విప్పింది. నలుగురివీ సరిగ్గా ఉన్నాయి. నాలుగు కాగితాల మీద ‘పాస్’ అని రాసింది. ఐదో కాగితం దగ్గర కలం ఆగిపోయింది. ఫెయిల్ అని రాస్తే ముప్ఫై రెండేళ్ళ త్రాసుగారు రేపటికి బజారు నోళ్ళలో పడతారు. పాస్ అని రాస్తే, నీళ్ళకూ క్వినైన్‌కూ తేడా తెలియని నాలుక ఊరి అంకెను తేలుస్తుంది. ‘జలుబేమో’ అనుకుంది. కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం టీ వేళకు రెండు గ్లాసులు బల్ల మీద పెట్టింది.

“మామయ్యా, ఇవి ఒక్క గుక్క చూసి పెడతారా? నా లెక్క ఒకటి తేలడం లేదు.”

“ఇంట్లో కూడా నా నాలుక్కి సెలవు లేదన్నమాట!” అని మామగారు మురిసిపోయి, “ఏమే, ఇలా రా. నువ్వూ చూడు,” అని పిలిచారు.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, మొదటి గ్లాసు అందుకుని గుక్క వేశారు. అది కోడలు కాచిన వేరు నీళ్ళు, బాగా పలచన చేసినవి. ఆవిడ ఎడమ కనుబొమ్మ కాస్త లేచి దిగింది. మామగారు గుక్క పుక్కిలించి, “రెండో రకం” అన్నారు.

హమ్మయ్య, నిన్న జలుబే అనుకుంది కోడలు. కానీ ఆమె చూసే మనిషి కదా, ఒకటి కనిపించింది. ఆయన కళ్ళు అరమోడ్చి లేవు. అరతెరిచి ఉన్నాయి. ఆ తెరిచిన సగంలోంచి చూపు సూటిగా అత్తగారి ముఖం మీదికి వెళుతోంది.

రెండో గ్లాసు ఉత్త నీళ్ళు. ఎండగా ఉందని ఫ్రిజ్జులోంచి తీసింది. అత్తగారు గుక్క వేశారో లేదో, కళ్ళు గట్టిగా మూతపడ్డాయి, మూతి ఒక పక్కకి వెళ్ళిపోయింది, భుజాలు చెవుల దాకా లేచాయి, చెయ్యి వెళ్ళి బుగ్గకు అతుక్కుంది.

“అమ్మబాబోయ్!” అన్నారు మామగారు. పెదవి ఇంకా తడవనైనా లేదు. “ఇదీ వేరంటే! మొదటి రకంలోకెల్లా మొదటి రకం. పన్నెండు వేలు పైమాటే. ఎవరి చేలోదమ్మా?”

“ఫ్రిజ్జులోదండీ.”

“ఆ?”

“మంచినీళ్ళు మామయ్యా.”

మామగారు గ్లాసులోకి చూశారు. “నీళ్ళయితే మరి మీ అత్తయ్య ముఖం అలా...” అని, చటుక్కున నాలుక కరుచుకున్నారు.

“నా పన్ను జివ్వుమంది,” అన్నారు అత్తగారు బుగ్గ పట్టుకునే. “చల్లనిది తగిలినా, గట్టిది కొరికినా ప్రాణం లేచిపోతోంది. మూడు వారాలనుంచీ ఇదే గోల.”

“మూడు వారాలు,” అంది కోడలు.

“మూడు వారాలు,” అన్నారు మామగారు, ఇంకా నీరసంగా.

అత్తగారు కోడలి ముఖం చూశారు, భర్త ముఖం చూశారు, గ్లాసు చూశారు. చెయ్యి బుగ్గ మీదనుంచి నెమ్మదిగా దిగింది.

“ఏవండీ, మీరు నా ముఖం చూసి చెబుతున్నారా?”

“అంటే... పూర్తిగా అని కాదు...”

“ముప్ఫై రెండేళ్ళనుంచా?”

మామగారు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మూడే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టారు.

“మొదటి ముక్క నాకే పెడతారని వీధి వీధంతా చెప్పుకున్నాను కదమ్మా!” అని అత్తగారు కోడలితో అని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

బుధవారం పళ్ళ డాక్టరు ఆ పన్ను పీకి, దూది కుక్కి, “ఇవాళంతా మాట్లాడకండి” అన్నాడు. అత్తగారు ఆ సలహా మనసారా స్వీకరించారు. సాయంత్రానికి దూది తీసేశారు గానీ పెదవి మాత్రం విప్పలేదు. మాట లేకపోతే పోనీ, ముఖం కూడా మూసేశారు. కనుబొమ్మ కదలదు, ముక్కు చిట్లదు, మూతి తిరగదు. ఉతికి ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టుంది ఆ ముఖం.

అప్పుడు గానీ కోడలికి పూర్తిగా అర్థం కాలేదు, ఆ ముఖం మీద ఎంత సంసారం నడుస్తోందో. మామగారు కూర కలుపుకుని ఒక ముద్ద తిని, అలవాటుగా ఎదురుగా చూశారు. ఎదురుగా గోడలాంటి ముఖం.

“అమ్మాయ్, ఉప్పు సరిపోయిందా?”

“మీకు తెలియడం లేదా మామయ్యా?”

“ఉప్పు ఉందని తెలుస్తోంది. సరిపోయిందో లేదో ఎప్పుడూ నేను చూసుకోలేదు.”

గురువారం బజారుకు ఆయన ఒంటరిగా వెళ్ళారు. సంచీ తనే పట్టుకున్నారు. మొదటి కుప్ప దగ్గర వేరు విరిచి, అలవాటు కొద్దీ పెద్ద ముక్క పక్కకి చాచారు. పక్కన ఎవరూ లేరు. రెండు ముక్కలూ తనే నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. బజారంతా ఆయన దవడకేసి చూస్తోంది.

“ఎలా ఉందండీ?” అన్నాడు రైతు.

“నీకెలా ఉంది?” అన్నారు మామగారు.

“నాకు మొదటి రకంలాగే ఉందండీ.”

“నాకూ అలాగే ఉంది,” అనేసి, తక్కిన కుప్పల వంక చూడకుండా ఇంటికొచ్చేశారు.

ఆ సాయంత్రం కోడలు పెరట్లో వేర్లు ఆరబెడుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. ఒక వేరు తీసి అటూ ఇటూ తిప్పుతూ, “ఆ కాగితం మీద ఏం రాస్తావమ్మా?” అన్నారు.

“ఉన్నదే రాయాలి కదా మామయ్యా.”

“జలుబు అని రాయకూడదా?”

“జలుబంటే తగ్గాక మళ్ళీ పిలుస్తారు.”

“తగ్గని జలుబు అని రాయి.”

కోడలికి నవ్వొచ్చింది, బాధా వచ్చింది. నవ్వు పైకి రానివ్వకుండా వేర్లు సర్దింది.

“ఊళ్ళో నా పేరు ఎవరికీ గుర్తు లేదమ్మా,” అన్నారాయన. “ముప్ఫై రెండేళ్ళుగా త్రాసుగారే. రేపటినుంచి నన్నేమని పిలుస్తారు? ‘ఏమండీ, మిమ్మల్నే’ అంటారా?”

కోడలు చేతిలోని వేరు పక్కన పెట్టింది. “నేను ఆ గడి ఖాళీగా ఉంచుతాను మామయ్యా. మేడం వచ్చి అడిగినప్పుడు మీరే ఏదో ఒకటి చెప్పండి. మీరు ఏం చెబితే అది రాస్తాను,” అంది. అన్నాక, తప్పు చేశానేమో అనిపించింది. ఆయన అబద్ధం చెబితే ఆ అబద్ధాన్ని తన చేత్తో రాయాలి. అది అచ్చుపుస్తకంలోకి ఎక్కుతుంది. రేపు ఎక్కడో ఎవరో ఆకలి లేని మనిషి ఆ మందు కొనుక్కుని, వేడి నీళ్ళు తాగినట్టు తాగుతాడు.

శుక్రవారం ఉదయం పరీక్షల గదికి వెళుతూ వెళుతూ పరిశీలకురాలూ కార్యదర్శీ త్రాసుగారి ఇంటికే వచ్చేశారు. ఆవిడ పెట్టె కూడా సర్దుకుని తెచ్చుకున్నారు. ముందుగదిలో కూర్చుని కాగితాలు అడిగారు. కోడలు ఐదూ తెచ్చి ఇచ్చింది.

“పాస్, పాస్, పాస్, పాస్.” ఆవిడ ఐదోది తిప్పి చూశారు, మళ్ళీ తిప్పి చూశారు. “ఇదేమిటమ్మా, ఇక్కడ ఖాళీ?”

కోడలు మామగారికేసి చూసింది.

“మర్చిపోయినట్టుంది లెండి,” అన్నారు కార్యదర్శి. “త్రాసుగారికి పరీక్షేమిటండీ, గడియారం ఇచ్చిన నాలుక అది! పాస్ అని రాసేయమ్మా, బస్సు టైమవుతోంది. ఐదు లేకపోతే పదిహేను వేలు మన నెత్తిన పడుతుంది.”

“వీరి జవాబులు నేనూ చూశాను,” అన్నారు పరిశీలకురాలు. “‘హాయిగా ఉంది’ అని రాశారు. ఏది హాయిగా ఉంది?”

అందరూ మామగారికేసి తిరిగారు.

“నాకు ఆ రోజు కాస్త జలుబు...” అన్నారు మామగారు. “జలుబంటే జలుబని కాదు... ముందు రోజు తలనొప్పి... ఆ అట్టపెట్టెలో చెప్పుల వాసన కూడా...”

అప్పుడే అత్తగారు టీ కప్పులతో వచ్చారు. అందరికీ ఇచ్చి, మూల కుర్చీలో కూర్చున్నారు. మామగారు ఆవిడ ముఖం వంక చూశారు. ఏం చెప్పాలో ఆ ముఖం మీద ఉంటుందేమోనని చాలాసేపు వెతికారు. ఏమీ లేదు. ఇస్త్రీ మడత కూడా నలగలేదు. గదిలో అందరూ ఎదురు చూస్తున్నారు. ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి ఆయన సొంతంగా తేల్చుకోవాల్సి వచ్చింది.

“రాయమ్మా,” అన్నారు చివరికి. “నాకు చేదు తెలియదు.”

“జలుబు వల్లా?” అని పరిశీలకురాలు అడిగారు.

“కాదండీ. తీపి తెలుసు, పులుపు తెలుసు. చేదు మాత్రం చిన్నప్పటినుంచీ తెలియదు. అందరూ ముఖం ఎందుకు చిట్లిస్తారో కూడా తెలిసేది కాదు. బజారులో చెప్పేదంతా ఈవిడ ముఖం చూసి. ఈవిడ ముఖం నేను కొలిచినంతగా మీ గాజు పెట్టె త్రాసు కూడా ఏదీ కొలవలేదు. మొన్న మూడు వారాలు పంటి నొప్పిని చేదనుకుని చదువుకున్నాను. తప్పయిపోయింది.”

కార్యదర్శి నోరు వెళ్ళబెట్టారు. టీ కప్పు ఒళ్ళోకి వంగింది. “మరి... మేము ఇచ్చిన గడియారం?”

“వంటింట్లో ఉంది. ఆవిడే చూసుకుంటుంది.”

కోడలు కలం తీసి, ఖాళీ గడిలో ‘చేదు తెలియదు’ అని రాసింది.

పరిశీలకురాలు ఆ మాటను రెండుసార్లు చదివి, సంతకం చేశారు. తర్వాత పెట్టె తెరిచి చిన్న పుస్తకమొకటి తీసి, ఒక పేజీ వేలితో చదువుకున్నారు. “ముఖాన్ని కొలత పరికరంగా మా పుస్తకం గుర్తించలేదండీ. నాలుకను గుర్తించింది.” పుస్తకం మూసి, మూల కుర్చీకేసి చూశారు. “అమ్మా, మీరు పొగ తాగుతారా?”

అత్తగారు తల అడ్డంగా ఊపారు.

“జలుబు?”

అడ్డంగా.

“ఆ పంటి నొప్పి ఇంకా ఉందా?”

అడ్డంగా.

“మీరు వస్తారా? ముందు మీ నాలుకకు అరగంట పరీక్ష. పాసైతే తర్వాత వేర్లకు. మీరు రాకపోతే నేను పదిహేను వేలు రాసుకుని బస్సెక్కేస్తాను.”

అత్తగారు అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. కోడలివైపు తిరిగి, మూడు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పారు.

“అమ్మాయ్, మీ మామయ్యని ఒక మాట అడుగు. మొదటి ముక్క నాకు పెట్టింది ఇందుకేనా అని.”

మామగారు రెండడుగుల దూరంలో ఉన్నారు. అయినా కోడలు తిరిగి, “మామయ్యా, మొదటి ముక్క అత్తయ్యకు పెట్టింది ఇందుకేనా?” అని అడిగింది.

“చెప్పమ్మా, మొదటి రోజు ఇందుకు కాదని. అప్పటికి మేము ఈ ఊరికి కొత్త. బజారులో ఎవరో రైతు చేతిలో వేరు పెడితే, ఏదో మంచి వస్తువే అనుకున్నాను. పెద్ద ముక్క ఆవిడకిచ్చాను. ఆవిడ ముఖం చూశాక గానీ అది తినే వస్తువు కాదని నాకు తెలియలేదు.”

“మొదటి రోజు ఇందుకు కాదట అత్తయ్యా.”

“రెండో రోజునుంచో, అడుగు.”

“రెండో రోజునుంచి మామయ్యా?”

మామగారు తల వంచుకున్నారు. “రెండో రోజునుంచి ఉద్యోగమే,” అన్నారు. “కానీ ఒక రోజు కూడా చిన్న ముక్క పెట్టలేదని చెప్పమ్మా.”

కార్యదర్శి పకపకా నవ్వబోయి, పరిశీలకురాలి ముఖం చూసి దగ్గుగా మార్చుకున్నారు. కోడలు అత్తగారి ముఖాన్నే చూస్తోంది. ఇంత ఓపికగా చూసే మనిషికి కూడా అక్కడ ఏమీ దొరకలేదు.

అత్తగారు లేచి లోపలికి వెళ్ళారు. కుళాయి తిప్పిన చప్పుడు. పుక్కిలించిన చప్పుడు, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మామగారు ఆ చప్పుడును చేదు కొలిచేవాడిలా తల పక్కకు వంచి విన్నారు. పరిశీలకురాలు వాచీ చూసుకుని, పెట్టెలోంచి కొత్త కాగితం ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

అత్తగారు మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చారు. పరిశీలకురాలి ఒళ్ళోని కాగితం తీసుకుని, ‘పేరు’ అని ఉన్న పై గడి చదివి, నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో ఉంచుకున్నారు.

“నేనూ రానా? సంచీ నేను పట్టుకుంటాను,” అన్నారు మామగారు లేచి నిలబడి.

ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, గేటు తీసుకుని, గోదాము వెనక పరీక్షల గది ఉన్న వైపుకి వెళ్ళిపోయారు.